పద్నాలుగో కుర్చీ చెయ్యి

పది కొట్టింది. హద్దురాళ్ల పర్యవేక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో ఇరవై రెండు కుడిచేతులు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. ఇరవై మూడోది బల్ల మీదే పడి ఉంది. అది తపాలా గుమాస్తా వాసంశెట్టి తాతబ్బాయిది.

"కుర్చీ నంబరు పద్నాలుగు, గైర్హాజరు," అంది గోడ మీది పెట్టెలోంచి ఓ ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

"ఇక్కడే ఉన్నాను గదమ్మా తల్లీ!" అన్నాడు తాతబ్బాయి పెట్టె వంక చూసి.

పెట్టెకి చెవులు లేవు. కొనేటప్పుడు కన్నూ నోరూ మాత్రమే మంజూరయ్యాయి.

హద్దురాళ్ల శాఖ ఏం చేస్తుందని అడక్కండి, వాళ్లు నొచ్చుకుంటారు. పొలంగట్ల మీద పాతిన రాళ్లు పాతినచోటే ఉన్నాయా లేదా చూడ్డం వాళ్ల పని. రాళ్లు బుద్ధిగా ఉన్నచోటే ఉంటాయి. ఉండనిది ఉద్యోగులే. వేలిముద్ర యంత్రం పెట్టిన రోజుల్లో పొద్దున్నే వచ్చి వేలు నొక్కి, సంచీ పట్టుకుని రైతుబజారుకి వెళ్లిపోయేవారు. సాయంత్రం ఆ సంచీతోనే వచ్చి మళ్లీ నొక్కేవారు. బెండకాయలు నవనవలాడుతూ ఉండేవి.

ఇలాంటి కార్యాలయానికి జిల్లా అధికారిగా ప్రభంజనకుమార్ గారొచ్చారు. రాజధానిలో మూడు రోజుల శిక్షణ పొంది, మెడలో బిళ్లతో తిరిగొచ్చిన మనిషి. వచ్చిన వారానికే సిబ్బందిని సమావేశపరిచారు.

"ముఖం అబద్ధమాడుతుంది. సంతకం అబద్ధమాడుతుంది. వేలు అయితే అలవాటుగా ఆడుతుంది. పైకెత్తిన చెయ్యి మాత్రం అబద్ధం ఆడదు. అది సంసిద్ధతకు సంకేతం. అందుచేత జూన్ ఒకటో తేదీ నుంచి బాహూత్థాన హాజరు విధానం అమల్లోకి వస్తున్నది."

అంటే ఏం లేదు. పదింటికి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని కుడిచెయ్యి చెవికి ఆనించి నిటారుగా ఎత్తాలి. అయిదు సెకన్లు. గోడ మీది కన్ను చూస్తుంది. ఏ కుర్చీ మీద చెయ్యి లేస్తే ఆ కుర్చీ మనిషి వచ్చినట్టు. లేవకపోతే రానట్టు. మనిషి మొహం చూడ్డం ఆ కన్నుకి నిషేధం, మొహం అబద్ధమాడుతుంది గనక.

జిల్లా అంతటికీ ఇది అద్భుతంగా తోచింది. తాతబ్బాయికి తప్ప.

తాతబ్బాయి కష్టం ఏప్రిల్‌లో మొదలైంది. దాళ్వా కోతలయ్యాయి. కాలువగట్టు రోడ్డంతా రైతులు ధాన్యం ఆరబోశారు. సగం రోడ్డు బళ్లకి, సగం వడ్లకి. ఎదురుగా లారీ వస్తే తాతబ్బాయి తన స్కూటర్ని వడ్ల సగంలోకి తిప్పాడు. చక్రం గింజల మీద జారింది. మనిషి కుడిభుజం మీద పడ్డాడు, తల ఎడమవైపుకి విరుచుకుపోయింది. గీత కూడా పడలేదు. రైతు పరుగెత్తుకొచ్చి ముందు వడ్లు చూసుకున్నాడు గానీ, తర్వాత ఇతన్నీ లేపాడు పాపం.

ఎక్స్‌రే తీశారు. ఒక్క ఎముకా విరగలేదు. "అదృష్టవంతుడివయ్యా!" అన్నారందరూ. ఆ అదృష్టవంతుడి కుడిచెయ్యి భుజం నుంచి తడిగుడ్డలా వేలాడింది.

పట్నం ఆసుపత్రిలో నరాల డాక్టరు మెహరున్నీసా గారు తీగలు పెట్టి పరీక్ష చేసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

"మెడలోంచి చేతికి అయిదు నరాలు చెట్టువేళ్లలా దిగుతాయండీ. మీకు పై రెండూ తెగాయి. అందుకే భుజం లేవదు, మోచెయ్యి మడవదు. కింది మూడూ బాగున్నాయి గనక వేళ్లు పనిచేస్తున్నాయి. బల్ల మీద పెట్టుకుని హాయిగా రాసుకోవచ్చు."

"రాత సరేనమ్మా. తిండో?"

తాతబ్బాయి అసలు బాధ అదీ. విందుభోజనాల్లో పేరున్న మనిషి. పులస పులుసు వడ్డిస్తే ముళ్లు అతని వేళ్ల మధ్య నుంచి వాటంతటవే పక్కకి తప్పుకునేవని బంధువులు చెప్పుకునేవారు. ఇప్పుడు అవే వేళ్లు ముద్ద కలుపుతాయి, ముల్లు తీస్తాయి, తీసి కంచంలో కూర్చుంటాయి. నోటిదాకా తీసుకెళ్లే దిక్కు లేదు. ఎడమచేత్తో చెంచా పట్టి తింటుంటే సగం చొక్కాకి, సగం కడుపుకి. తమ్ముడి గృహప్రవేశానికి వెళ్లి, ఆకు ముందు కూర్చుని, ఆకలి లేదని లేచి వచ్చేశాడు. ఆ పూట భార్య నాగరత్నం కూడా తినలేదు.

డాక్టరమ్మ అంది: "పనిచేసే నరంలోంచి ఓ పోగు తీసి, పడిపోయిన కండకి అతుకుతాం. కొత్త నరం రోజుకి మిల్లీమీటరు పాకుతుంది. అది చేరేలోపల కండ ఎండిపోకూడదు. అందుకని దెబ్బ తగిలిన ఆరు నెలల్లోపు ఆపరేషన్ అయిపోవాలి. అంటే అక్టోబరు సగం. ఆ పైన నన్ను తిట్టుకోకండి. ఇంకో మాట, చెవిదాకా లేస్తుందని చెప్పలేను. నోటిదాకా తెచ్చే ప్రయత్నం చేస్తాను."

"నోటిదాకా వస్తే చాలమ్మా. చెవితో ఏం తింటాను?" అన్నాడు తాతబ్బాయి.

అతనికేం తెలుసు, ప్రభుత్వానికి చెవే కావాలని!

ఆపరేషన్‌కి ఉద్యోగుల ఆరోగ్య కార్డు ఉంది. అయితే నెల్లాళ్లు వరసగా గైర్హాజరైతే ఆ కార్డు దానంతటదే ఆగిపోతుంది. ఆపరేషన్‌కి, ఆ తర్వాత కట్లకి, కలిపి రెండు నెలల సెలవు కావాలి. తాతబ్బాయి సెలవు చీటీ రాసుకుని సూపరింటెండెంటు యర్రమిల్లి పేర్రాజు గారి బల్ల దగ్గరికెళ్లాడు. పేర్రాజు గారు చెడ్డవారు కాదు. ముప్ఫయ్యేళ్లుగా ఏ కాగితాన్నీ నొప్పించి ఎరగరు.

"ఏమయ్యా తాతబ్బాయీ, నువ్వు జూన్ ఒకటి నుంచి రావడం లేదుగా?"

"రోజూ వస్తున్నానండి. మీకు నమస్కారం కూడా పెడుతున్నాను."

"నమస్కారం నాకు అందుతోందయ్యా, రికార్డుకి అందడం లేదు. రానివాడికి సెలవెలా ఇస్తాం? సెలవంటే ఏమిటి, వచ్చేవాడు రాకపోవడానికి అనుమతి. నువ్వు ముందు హాజరవ్వు, ఆ తర్వాత గైర్హాజరవుదువుగాని."

"ఆయ్, హాజరవ్వాలంటే చెయ్యెత్తాలండి. చెయ్యెత్తాలంటే ఆపరేషనండి. ఆపరేషనంటే సెలవండి."

"చక్కగా చెప్పావు. ఇదే రాసివ్వు, ఫైలుకి అందం," అన్నారు పేర్రాజు గారు.

నాలుగో రోజున గైర్హాజరు ఉద్యోగి వాసంశెట్టి తాతబ్బాయికి సంజాయిషీ నోటీసు తయారైంది. కార్యాలయం నుంచి ఏ కాగితం బయటికెళ్లాలన్నా తపాలా గుమాస్తా నంబరు వేసి, ముద్ర కొట్టి, పుస్తకంలో ఎక్కించాలి. తాతబ్బాయి తన నోటీసుకి తానే నంబరు వేశాడు. ముద్ర వంకరగా పడితే ఇంకోటి కొట్టాడు. అటెండరు ఆదెమ్మ దాన్ని అందుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతనికే ఇచ్చింది.

"ఇదిగో బాబూ, తమరికి నోటీసొచ్చింది. ముట్టినట్టు సంతకం పెట్టండి."

"ఏం రాశారో చదివేవా ఆదెమ్మా?"

"నాకు సదువెక్కడిది? తమరు మొకం మాడ్చుకుని ముద్దరేత్తంటే అర్థవైపోయింది."

తాతబ్బాయి సంజాయిషీ రాశాడు. అయ్యా, నేను రోజూ వస్తున్నాను, ఈ సంజాయిషీ కూడా కార్యాలయంలోని నా కుర్చీలో కూర్చునే రాస్తున్నాను, నమ్మకపోతే తల తిప్పి చూడగలరు అన్నాడు. మర్నాడు దాని మీద ఎర్రసిరా వాక్యం పడింది: "గైర్హాజరులో ఉన్న వ్యక్తి కార్యాలయ ఆవరణలో కూర్చుని సంజాయిషీ సమర్పించుట నిబంధనలకు విరుద్ధము. కావున పరిగణింపబడదు."

అక్కడికీ జిల్లా అధికారి గారిని నేరుగా కలుసుకున్నాడు. ఆయన శ్రద్ధగా విన్నారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మానవీయ కోణం. చాలా ముఖ్యమైనది. దీనికి మినహాయింపు ఉండి తీరాలి," అన్నారు.

తాతబ్బాయి ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు. రెండు రోజులకి సర్క్యులర్ వచ్చింది. దానికీ అతనే నంబరు వేశాడు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, భుజము, మోచేయి, మణికట్టు, వ్రేళ్లు మొదలగు అంగములలో నరముల దెబ్బ కారణముగా కుడిచేయి ఎత్తలేని ఉద్యోగులకు బాహూత్థానము నుండి మినహాయింపు ఇవ్వబడినది. సదరు మినహాయింపు కోరువారు ఉదయము పది గంటలకు తమ కుడిచేయి ఎత్తి ఆ విషయము తెలియజేయవలెను."

మర్నాడు పదింటికి పేర్రాజు గారు నిలబడి, "మినహాయింపు కావలసినవారు ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడిగారు. హాలంతా చూశారు. తాతబ్బాయినీ చూశారు. ఏ చెయ్యీ లేవలేదు. "దరఖాస్తుదారులు లేరు" అని రాసుకుని కూర్చున్నారు.

జూన్ ముగిసింది. ఆరోగ్య కార్డు ఆగిపోయింది.

"ఏంటండీ ఇది?" అంది నాగరత్నం ఆ సాయంత్రం. ఆమెకి కోపమొస్తే గొంతు తగ్గిపోతుంది. "మనిషిని ఎదురుగా పెట్టుకుని లేడంటారా? ఇంక నయం, నాకు పింఛను ఇప్పిస్తామనలేదు!"

ఈ సంగతి ఆదెమ్మ చెవిన పడింది. ఆదెమ్మకి యాభై ఎనిమిది. ఆ కార్యాలయం తెల్లదొరల కాలంనాటి బంగళా. పైకప్పు దూలాలకి పంకాలు వేలాడదీసిన ఇనప కొక్కేలు అలాగే ఉన్నాయి. ఆదెమ్మ వాటికేసి చూసింది, తాతబ్బాయి చేతికేసి చూసింది.

"మా తాత వరండాలో కూకుని ఈ కొక్కేలకే పంకా లాగేవోడు బాబూ. దొర లోపల కునుకు తీత్తంటే ఈయన బయట లాగేవోడు. పద్నాలుగో కుర్చీకి సరీగ్గా నెత్తి మీదే ఉంది కొక్కెం."

మర్నాడు ఇంటి నూతి దగ్గరి గిలక, చేద తాడు పట్టుకొచ్చింది. గిలక కొక్కేనికి తగిలించింది. తాడు ఓ కొస మెత్తటి తువ్వాలుతో తాతబ్బాయి మణికట్టుకి కట్టింది. రెండో కొస కిటికీలోంచి వరండాలోకి లాగి, తాత కూర్చున్నచోటే చతికిలబడింది. పది కొట్టింది. ఆదెమ్మ లాగింది. తాతబ్బాయి చెయ్యి చెవి పక్కనుంచి పైకి లేచింది.

"కుర్చీ నంబరు పద్నాలుగు, హాజరు," అంది పెట్టె.

హాలంతా చప్పట్లు. పేర్రాజు గారి కళ్లు కూడా చెమర్చాయి. తాడు సంగతో? పెట్టె చేతులు చూడాలి గానీ తాళ్లు చూడ్డం దాని పని కాదు. ఇతర శాఖల పనిలో అది వేలు పెట్టదు.

కార్డు మళ్లీ బతికింది. సెలవు చీటీ కదిలింది. తాతబ్బాయి బల్ల నుంచి పేర్రాజు గారి బల్లకి పదకొండు అడుగులు. చీటీ అక్కడికి వెళ్లడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఓ జతపత్రం తక్కువైందని వెనక్కి రావడానికి ఇంకో తొమ్మిది. హద్దురాళ్ల శాఖ మనిషి గనక తాతబ్బాయి లెక్క వేశాడు. వెళ్లిన దూరం, వచ్చిన దూరం పోగా నికరం సున్నా. కొత్త నరం నయం, రోజుకో మిల్లీమీటరైనా ముందుకే పోతుందట.

ఇంతలో ఆగస్టు పదిహేను వచ్చింది.

పెట్టె తాలూకు నెలవారీ నివేదికలో ఓ విశేషం బయటపడింది. తక్కిన సిబ్బంది చేతులు నూట ఇరవై డిగ్రీల దగ్గరే నీరసపడిపోతున్నాయి. కొందరివైతే సగం లేచి, తలగోక్కోవడానికి వెళ్లిపోతున్నాయి. ఒక్క పద్నాలుగో కుర్చీ చెయ్యి మాత్రం ప్రతిరోజూ నూట డెబ్బయ్ రెండు డిగ్రీలు లేచి, వణుకు లేకుండా నిలబడుతోంది. ఆదెమ్మ పనిలో ఎప్పుడూ వంకరుండదు.

జెండా వందనం అయ్యాక ప్రభంజనకుమార్ గారు మైకులో ప్రకటించారు: "ఈ యేటి జిల్లా ఉత్తమ బాహువు పురస్కారం, శ్రీ వాసంశెట్టి తాతబ్బాయి! దృఢసంకల్పానికి నిలువెత్తు నిదర్శనం ఆ చెయ్యి!"

తాతబ్బాయి వేదికెక్కాడు. మైదానంలో గిలక లేదు. ఎడమచెయ్యి చాపాడు.

"కుడిచేత్తో," అన్నారు అధికారి గారు పళ్ల బిగువున, ఫోటో కోసం నవ్వుతూనే.

"రాదండి."

"రోజూ వస్తోందిగా?"

"అది ఆదెమ్మ చెయ్యండి. నాది కాదండి."

వినయం అనుకుని అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. ప్రశంసాపత్రం అతని జేబులో కుక్కి దింపేశారు. జాతీయ పండుగనాడు ఎడమచెయ్యి చాపినందుకు మరుసటి పనిదినాన ఓ మెమో వచ్చింది. దానికీ నంబరు వేసింది ఎవరో చెప్పక్కర్లేదు.

సెప్టెంబరులో ఎట్టకేలకు, అతని సెలవు సంగతి తేల్చడానికి, వైద్యమండలి పిలిచింది. ముగ్గురు పెద్దలు, పొడుగాటి బల్ల, మూడు మంచినీళ్ల గ్లాసులు. అధ్యక్షుడు గారు కాగితాలు రెండు కుప్పలుగా పెట్టారు.

"డాక్టరమ్మ కాగితం ప్రకారం పై రెండు నరాలు పూర్తిగా తెగాయి. మంచిది. కానీ ప్రభుత్వ యంత్రం ప్రకారం ఈ చెయ్యి నలభై రోజులకి పైగా నూట డెబ్బయ్ రెండు డిగ్రీలు లేచింది. దీని పైన ఉత్తమ బాహువు పురస్కారం కూడా ఉంది. ఈ జిల్లాలో ఇంతకంటే ఆరోగ్యమైన చెయ్యి లేదని ప్రభుత్వమే ధ్రువీకరించింది కదా!"

"అయ్యా, ఇదిగో చూడండి," అని తాతబ్బాయి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలేశాడు. అది దబ్బున బల్ల మీద పడింది. ఓ గ్లాసు దొర్లింది.

"చూశారా, ఎంత వేగంగా కదిలిందో!" అన్నారు రెండో సభ్యుడు.

"గిలకతో ఎత్తారండి. తాడుంది. కావాలంటే తెచ్చి చూపిస్తాను."

అధ్యక్షుడు గారు జాలిగా చూశారు. "ఆ గిలక కార్యాలయపు సామాను జాబితాలో ఉందా?"

"లేదండి. ఆదెమ్మగారి నూతిదండి."

"జాబితాలో లేని గిలక లేనట్టే లెక్క. లేని గిలక చెయ్యెత్తలేదు. కాబట్టి చెయ్యి తనంతట తానే లేచింది. పైగా ఇందులో నరం బదిలీ అని ఉంది. బదిలీల మీద నిషేధం నడుస్తోంది, ఎందుకైనా మంచిది ఆ మాట కూడా ఓసారి చూసుకోండి. ఆపరేషన్ అనవసరం. సెలవు నిరాకరించడమైనది."

అప్పటికి అక్టోబరు సగానికి ఇంకా పంతొమ్మిది రోజులు.

తాతబ్బాయి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. నాగరత్నం పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. పైచేతి కండ మీద వేలు ఆనించి చూసింది. ఏప్రిల్‌లో గుప్పెడుండేది, ఇప్పుడు చర్మం కింద ఏమీ తగలడం లేదు. ఎండిపోతోంది.

"ఉద్యోగం పోతే పోనీండి. ఎల్లిపోదాం పదండి ఆసుపత్రికి," అంది.

"ఉద్యోగం పోతే కార్డు పోతుందే పిచ్చిదానా. కార్డు లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తారు." తాతబ్బాయి ఆ మాట అని ఏడ్చాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అతను ఏడవడం ఆమె చూడలేదు. చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు కార్యాలయంలో ఆదెమ్మ సంగతంతా విని, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నాకో మాట సెప్పండి బాబూ. ఆ పెట్టి మొకం సూడదు గదా?"

"చూడదు."

"సెయ్యి సూత్తాది."

"అవును."

"మరి తమరెందుకు మధ్యలో? సెయ్యి ఉంటే సరిపోద్ది గదా!"

ఆ సాయంత్రం మెయిన్ రోడ్డు బట్టలకొట్టు వెనకాల పారేసిన బొమ్మ ఒకటి దొరికింది. మొండేనికి చీర కట్టి నిలబెట్టే రకం. ఆదెమ్మ దాని కుడిచెయ్యి ఊడదీసింది. వేళ్లు సన్నగా, గులాబీరంగు గోళ్లతో ఉన్నాయి. తాతబ్బాయి పాత గళ్లచొక్కా చెయ్యి దానికి తొడిగి, తాడుకి కట్టి, పద్నాలుగో కుర్చీ మీద వేలాడదీసింది. పది కొట్టింది.

"కుర్చీ నంబరు పద్నాలుగు, హాజరు."

పేర్రాజు గారు ఖాళీ కుర్చీ చూశారు. పైన చెయ్యి చూశారు. హాజరుపట్టీలో టిక్కు పెట్టారు. ఆయన నొప్పించలేనిది కాగితాన్ని, కాగితం నొచ్చుకోలేదు.

ఆ టిక్కు పడే వేళకి తాతబ్బాయి పట్నంలో ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. కార్డు గీకారు. తెరమీద వచ్చింది: ఉద్యోగి విధుల్లో ఉన్నారు, కార్డు చెల్లును. విధుల్లో ఉన్నవాడు ఇక్కడేం చేస్తున్నాడని ఎవరూ అడగలేదు. అక్టోబరు తొమ్మిదిన మెహరున్నీసా గారు ఏడు గంటలు నిలబడి, వేళ్ల నరంలోంచి ఓ పోగు మోచేతి కండకి, మెడ దగ్గర నరం ఒకటి భుజానికి అతికింది.

"ఇంక నా పనైపోయింది. ఓపిక మీ వంతు," అంది బయటికొచ్చి.

తాతబ్బాయి ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ రెండు నెలలున్నాడు. ఆ రెండు నెలలూ పద్నాలుగో కుర్చీ ఒక్కరోజు నాగా పెట్టలేదు. దీపావళి సెలవునాడు కూడా ఆదెమ్మ అలవాటుగా లాగితే ఒంటరిగా హాజరైంది.

డిసెంబరులో చేతికి జోలెకట్టుతో కార్యాలయానికొచ్చిన తాతబ్బాయి గుమ్మంలో ఆగిపోయాడు. హాల్లో మనుషులు లేరు. ఇరవై మూడు కుర్చీలు, వాటి మీద ఇరవై మూడు చేతులు. చీరల కొట్టువి, కోట్ల కొట్టువి, ఒకటి పిల్లల బట్టలదై ఉంటుంది, మరీ పొట్టిగా ఉంది. అన్నిటి తాళ్లూ ఒక్క మోకుకి ముడేసి ఉన్నాయి. పది కొట్టగానే వరండాలోంచి ఆదెమ్మ ఒక్క గుంజు గుంజింది. ఇరవై మూడు చేతులూ నూట డెబ్బయ్ రెండు డిగ్రీలు లేచాయి.

"మొత్తం హాజరు. శుభాకాంక్షలు," అంది పెట్టె.

"అందరూ ఏరి ఆదెమ్మా?"

"ఉన్నారు గదా బాబూ, సూత్తన్నారు గదా," అంది ఆదెమ్మ మోకు వదులుతూ. "మడుసులు రైతుబజార్లో ఉంటారు. పేర్రాజు గారి సెయ్యి అదిగో, పట్టు కోటుది. వారికి నచ్చింది."

నూటికి నూరు శాతం హాజరు సాధించిన ఏకైక జిల్లాగా పేరొచ్చింది. ప్రభంజనకుమార్ గారు పదోన్నతి మీద రాజధానికి వెళ్లారు, బాహూత్థానాన్ని రాష్ట్రమంతటా విస్తరించడానికి. బట్టలకొట్ల వాళ్లు బొమ్మల చేతులకి తాళాలు వేసుకోవడం మొదలుపెట్టారు.

తాతబ్బాయి మాత్రం రోజూ వచ్చి తన చెయ్యి కింద కూర్చునేవాడు. తపాలాకి నంబర్లు ఎవరో ఒకరు వెయ్యాలి గదా! నాగరత్నం చెప్పినట్టు పూటకి వందసార్లు మోచెయ్యి మడవమని మనసులో చెప్పుకునేవాడు. జనవరిలో ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఏమీ లేదు. డాక్టరమ్మ చెప్పిన మిల్లీమీటర్లు లెక్కపెట్టుకుంటూ పడుకునేవాడు. మళ్లీ కాలువగట్టు మీద వడ్లు ఆరబోసిన రోజుల్లో కండలో చిన్న కదలిక వచ్చింది. నాగరత్నం వేలు ఆనించి, "ఉండండుండండి, మళ్లీ చెయ్యండి," అని కేకేసి, ఇరుగమ్మని పొరుగమ్మని పిల్చి అందరి వేళ్లూ పెట్టించింది.

శ్రావణమాసంలో గోదారికి ఎర్రనీరొచ్చింది, దాంతో పులసలూ ఎదురెక్కాయి. ఓ రోజు నాగరత్నం క్యారియర్లో అన్నం, కింది గిన్నెలో పులస పులుసు సర్ది పంపించింది. ముక్కలు చిన్నవే.

మధ్యాహ్నం ఒంటిగంట. హాల్లో తాతబ్బాయి, ఆదెమ్మ, ఇరవై మూడు చేతులు. అతను ముద్ద కలిపాడు. వేళ్లతో ముల్లు తీసి పక్కన పెట్టాడు. మోచెయ్యి బల్లకి ఆనించాడు. చెయ్యి బల్ల మీంచి లేచింది. ఆగింది. వణికింది. ఆదెమ్మ అలవాటు కొద్దీ తాడుకోసం చెయ్యి చాపి, నాలిక్కరుచుకుని వెనక్కి తీసుకుంది. చెయ్యి మళ్లీ లేచింది, గడ్డం దాటింది. ముద్ద నోట్లో పడింది.

పదహారు నెలలైంది. పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైంది. తాతబ్బాయికి అది ఉప్పో, తన కన్నీళ్లో తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆదెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "తినండి బాబూ, సల్లారిపోద్ది," అంది.

"కుర్చీ నంబరు పద్నాలుగు," అంది రోజంతా కన్ను తెరిచే ఉండే పెట్టె, లేచిన చెయ్యి చూసి, హఠాత్తుగా. "రెండు కుడిచేతులు గుర్తించబడినవి. ఒకటి అనుమతి లేనిది."

నాలుగో రోజుకల్లా మెమో వచ్చింది. తపాలాలో తనే విప్పాడు, తనే నంబరు వేశాడు, ఆదెమ్మ బల్ల చుట్టూ తిరిగొచ్చి అతనికే ఇచ్చింది. "ఒక ఉద్యోగికి ఒక కుడిచేయి మాత్రమే మంజూరై ఉన్నది. సదరు రెండింటిలో అదనపు చేయి ఏదో, దానిని ఎప్పటిలోగా తొలగింతురో మూడు దినములలో తెలియజేయవలెను. రెండవ చేయి ఒక్క పర్యాయము కూడా చెవి వరకు లేవనట్లు యంత్రము నివేదించినది. పాతది సంతృప్తికరముగా పనిచేయుచున్నది."

తాతబ్బాయి ముందు ఆ పూట భోజనం ముగించాడు. చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకుని, కాగితం తీసి, నిదానంగా జవాబు రాశాడు:

"అయ్యా, పాత చేతిని కార్యాలయమువారే ఉంచుకొనగలరు. దానికి హాజరు తప్ప వేరే పని లేదు, ఆకలి కూడా లేదు. రెండవది చెవి వరకు లేవదు, నోటి వరకు వచ్చును. అది నాది."

సంతకం చేశాడు. నంబరు వేశాడు. ముద్ర ఈసారి తిన్నగా పడింది.